కొరియాలో గ్యోంగ్‌సాన్ అనే చిన్న ఊరు: చిన్నపిల్లతో వెళ్ళొచ్చా? చుట్టుపక్కల ఏం చూడొచ్చు?

పల్నాటి_పిల్ల | 16 జనవరి 2025

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. మావారికి గ్యోంగ్‌సాన్‌లో ఒక విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) వచ్చింది, రెండేళ్ళకి. ఆయన నవంబరులోనే వెళ్ళారు. నేనూ, మా నాలుగున్నరేళ్ళ పాపా ఫిబ్రవరి చివర్లో వెళ్ళాలి. భార్యాపిల్లలకు ఇచ్చే ఎఫ్-3 వీసా వచ్చేసింది. టికెట్ కొనడానికే చేతులు రావడం లేదు.

సియోల్ అయితే సరే, పేరు కూడా ఎప్పుడూ వినని ఊరికి పిల్లతో ఎందుకే అని ఇంట్లో అందరూ అంటున్నారు. నాకు కొరియన్‌లో అక్షరం ముక్క రాదు. ఆయన పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి ఎనిమిదికి గానీ రారట. ఆ పన్నెండు గంటలూ నేను ఎవరితో మాట్లాడాలి? పాపకు జ్వరం వస్తే ఎక్కడికి వెళ్ళాలి? కారు లేకుండా శని, ఆదివారాలు కాస్త ఎక్కడికైనా తిరగగలమా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక ఏడాది ఆగమన్నా వింటాను.

సియోల్_తెలుగు | 16 జనవరి 2025

అమ్మా, నేను ఆగమనే చెప్తాను. ఇప్పుడు సియోల్‌లో ఉన్నాను కానీ అంతకుముందు రెండేళ్ళు దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో చేశాను. నా భార్య అక్కడ ఐదు నెలలు ఉంది. నేను ల్యాబ్‌లో, తను నాలుగు గోడల మధ్య. ఊళ్ళో ఒక్క బోర్డు కూడా ఇంగ్లీషులో లేదు. చివరికి బరువు తగ్గిపోయి, నిద్ర పట్టక ఇండియా వెళ్ళిపోయింది. ఆ ఐదు నెలలూ నేను గమనించుకోలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇంకో మాట. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ యజమాని డిపాజిట్‌లో సగం గోడ మరకల పేరు చెప్పి ఉంచేసుకున్నాడు. అడగడానికి మాకు భాష లేదు. మీవారికి కొరియన్ వచ్చేదాకా ఆగితే మంచిది.

గోదారి_గట్టు | 17 జనవరి 2025

చెల్లెమ్మా, నేను గ్యోంగ్‌సాన్‌లోనే ఉంటాను. ఆరేళ్ళయింది. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. సియోల్ అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. మొదటి మూడు నెలలు నాకూ అలాగే గడిచాయి. కానీ రావద్దని మాత్రం నేను అనను. ఎలా రావాలో చెప్తాను.

పన్నెండు గంటలు ఇంట్లో కూర్చోకండి. ఆ ఒక్కటీ చేస్తే మిగతావన్నీ తట్టుకోవచ్చు. ఊళ్ళో కుటుంబ కేంద్రం ఉంటుంది, విదేశీ కుటుంబాలకు అక్కడ కొరియన్ ఉచితంగా నేర్పిస్తారు. వియత్నాం, ఫిలిప్పీన్స్, ఉజ్బెకిస్తాన్ ఆడవాళ్ళు చాలామంది వస్తారు. నా మొదటి స్నేహితురాలు అక్కడే దొరికింది. ఆమెది వియత్నాం. ఇద్దరికీ వచ్చిన భాష ఒకటే, అదీ సగం సగం కొరియన్. అయినా ఇప్పటికీ రోజూ మాట్లాడుకుంటాం.

భాష గురించి భయపడకండి. లిపి రెండు వారాల్లో వచ్చేస్తుంది. మనలాగే క్రియ చివర వస్తుంది. మాట చివర 'యో' చేరిస్తే మర్యాద, అంటే మన 'అండి' లాంటిదే. అమ్మను 'ఒమ్మా' అంటారు. 'నా' అంటే నేను. హోటల్లో వడ్డించే పెద్దావిడను 'ఇమో' అని పిలుస్తారు, అంటే పిన్ని. వరస పెట్టి పిలిచే అలవాటు మనకు ఉన్నదే కాబట్టి మనకు తొందరగా అబ్బుతుంది. నేను ఇంగ్లీషులో అడిగినప్పుడు చేతులు ఊపేసి పక్కకు తప్పుకున్న కూరగాయల అవ్వే, 'హల్మొనీ' అని పిలిచిన రోజు నుంచి నా సంచిలో రెండు ముల్లంగులు ఎక్కువ వేస్తోంది. హల్మొనీ అంటే అవ్వ, నాన్నమ్మ.

పాపను 'ఒరినిజిప్'లో వేయండి. మన ప్లేస్కూలు లాంటిది. కొరియన్ పిల్లలకు ప్రభుత్వం ఇచ్చినంత సాయం మన పిల్లలకు రాదు కాబట్టి, ఫీజు ఎంతో, ఊరి తరఫున తగ్గింపు ఏమైనా ఉందో ముందే నగర కార్యాలయంలో అడగండి. మధ్యాహ్నం అన్నంలో మాంసం, చేప ఉంటాయి. శాకాహారులైతే చేరేటప్పుడే కాగితం మీద రాసివ్వాలి. కిమ్చీలో (వాళ్ళ క్యాబేజీ పచ్చడి) కూడా చేపల రసం కలుస్తుంది, గుర్తుపెట్టుకోండి.

జ్వరం వస్తే పెద్దాసుపత్రికి పరిగెత్తక్కర్లేదు. పిల్లల క్లినిక్‌లు వీధి వీధికీ ఉన్నాయి, మందుల షాపు ఆ భవనంలోనో పక్కనో ఉంటుంది. మీవారికి ఉద్యోగం తరఫున ఆరోగ్య బీమా ఉంటే మిమ్మల్నీ పాపనూ అందులో చేర్పించమనండి. భార్యకు, 19 ఏళ్ళలోపు పిల్లలకు ఆరు నెలలు ఆగే నిబంధన లేదు. పెళ్ళి సర్టిఫికెట్, పాప జనన ధ్రువపత్రం అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర) చేయించినవి ఇంకో కాపీ తెచ్చుకోండి. ఇక్కడికి వచ్చాక అవి తెప్పించుకోవాలంటే నెలలు పడుతుంది.

గోదారి_గట్టు | 17 జనవరి 2025

ఇంటి సంగతి మర్చిపోయాను. నేల కింద వేడినీళ్ళ గొట్టాలు ఉంటాయి, 'ఒన్‌దోల్' అంటారు. నేల వెచ్చగా ఉంటుంది కాబట్టి పాప చాప మీద హాయిగా ఆడుకుంటుంది. చలికాలంలో ఊరెళ్తే మాత్రం బాయిలర్ పూర్తిగా ఆపేయకండి. 'వేచుల్' అని ఒక బటన్ ఉంటుంది, బయటికి వెళ్తున్నాం అని అర్థం. మొదటి జనవరిలో గ్యాస్ బిల్లు మిగులుతుందని మూడు రోజులు ఆపేసి బుసాన్ వెళ్ళాం. వచ్చేసరికి గొట్టాలు గడ్డకట్టి ఉన్నాయి. పై అంతస్తులో ఉండే పెద్దాయన రాత్రి పదకొండింటికి హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని వచ్చి గంటసేపు గొట్టం పక్కన కూర్చున్నాడు. అప్పటికి ఆయన పేరు కూడా మాకు తెలియదు.

చెత్త ఊరి పేరు అచ్చువేసిన సంచిలోనే వేయాలి. ఆ సంచులు కిరాణా కొట్లో అమ్ముతారు. ఈ ఊరి సంచి పక్క ఊళ్ళో చెల్లదు. తిండి చెత్త వేరు. ఎముకలు, గుడ్డు పెంకులు తిండి చెత్త కాదు, మామూలు చెత్తలోకి వెళ్తాయి.

ఓరుగల్లు_బిడ్డ | 17 జనవరి 2025

నేను హాయాంగ్ వైపు ఉంటాను, అది కూడా గ్యోంగ్‌సాన్ కిందికే వస్తుంది. సియోల్ అన్నా, నీ బాధ అర్థమైంది. డిపాజిట్ విషయంలో మాత్రం ఒక దారి ఉంది, అందరికీ పనికొస్తదని రాస్తున్న.

ఇక్కడ అద్దె పద్ధతి 'వొల్‌సే'. ముందు కొంత డిపాజిట్, తర్వాత నెలనెలా అద్దె. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు కొత్త అడ్రస్ నమోదు చేయించాలి, ఒప్పంద పత్రం మీద 'హ్వక్‌జొంగ్ ఇల్‌జా' అనే తేదీ ముద్ర వేయించాలి. రేపు ఆ ఇల్లు వేలానికి పోయినా మన డిపాజిట్‌కు చట్టం అండ ఉంటది. ఇంట్లో దిగిన రోజే గోడలు, నేల, సింకు అన్నీ ఫోటోలు తీసి యజమానికి మెసేజ్‌లో పంపండి. నేను రెండు ఇళ్ళు మారిన, రెండుసార్లూ డిపాజిట్ మొత్తం తిరిగొచ్చింది.

దిగిన 90 రోజుల్లోపు విదేశీయుల నమోదు కార్డు తీసుకోవాలి. హైకొరియా వెబ్‌సైట్‌లో ముందే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి, తారీఖులు తొందరగా నిండిపోతాయి. వీసా అనుమానాలకు 1345కు ఫోన్ చేస్తే ఇంగ్లీషులో చెప్తరు. అంబులెన్స్‌కు 119.

కారు గురించి అసలు టెన్షన్ పడకు చెల్లె. పక్కనే ఉన్న పెద్ద నగరం డేగూ. దాని రెండో మెట్రో లైన్ 2012 నుంచే గ్యోంగ్‌సాన్‌లోకి వస్తోంది. మొదటి లైన్ పోయిన నెల 21న మా హాయాంగ్ దాకా వచ్చింది. దానికి వారం ముందే గుమి నుంచి గ్యోంగ్‌సాన్ దాకా కొత్త లోకల్ రైలు మొదలైంది. డేగూ పెద్ద స్టేషన్‌కు పది పదిహేను నిమిషాలు. ఫోన్‌లో నేవర్ మ్యాప్ వేసుకో, ఇక్కడ దారులకు గూగుల్‌ను నమ్ముకుంటే తిప్పలే. పల్లె బస్సులే తక్కువ. చెయ్యి ఎత్తకపోతే ఆగవు, దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి.

సియోల్_తెలుగు | 17 జనవరి 2025

ఆ ముద్ర సంగతి నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. థాంక్స్ తమ్ముడూ. ఊరి నుంచి మెట్రో ఉందంటే మా ఊరికీ మీ ఊరికీ చాలా తేడా ఉంది. మాకు ఆఖరి బస్సు సాయంత్రం ఏడింటికే.

పల్నాటి_పిల్ల | 18 జనవరి 2025

అక్కా, ఆ పెద్దాయన సంగతి చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మా అత్తగారికి కూడా చదివి వినిపించాను. సామాన్లు ఏం తెచ్చుకోవాలో కూడా చెప్పండి. ఆవిడ ఇప్పటికే కోడి పచ్చడి పెట్టడం మొదలుపెట్టారు!

గోదారి_గట్టు | 18 జనవరి 2025

కోడి పచ్చడి వద్దమ్మా, మటన్ కూడా వద్దు. మాంసం కలిసినదేదీ కొరియాలోకి రానివ్వరు, దొరికితే జరిమానా చాలా ఎక్కువ. పచ్చి పండ్లు, విత్తనాలు కూడా పెట్టెలో పెట్టకండి. గోంగూర, ఉసిరి, చింతకాయ పచ్చళ్ళు గట్టిగా సీల్ చేయించి తెచ్చుకోండి. కందిపప్పు, బాస్మతి బియ్యం విదేశీయుల కొట్లలో దొరుకుతాయి. ఇక్కడి బియ్యం ముద్దగా అవుతుంది, పిల్లలకు పెరుగన్నానికి బాగుంటుంది. పచ్చిమిర్చికి 'చొంగ్‌యాంగ్' రకం అడగండి, మన కారం అందులోనే ఉంది. కరివేపాకు పొడి, ఇంగువ మర్చిపోకండి.

అన్నట్టు, ఈ ఊరు రేగుపళ్ళకు ప్రసిద్ధి! వాళ్ళు 'తేచు' అంటారు. మన రేగుకు దగ్గరి చుట్టమే, కాస్త పెద్దగా, తియ్యగా ఉంటుంది. శరదృతువులో సంతలో బుట్టలు బుట్టలుగా పోస్తారు. పెళ్ళిలో అత్తమామలు కొత్త దంపతుల ఒడిలోకి రేగుపళ్ళు, చెస్ట్‌నట్ కాయలు విసురుతారు, పిల్లాపాపలతో ఉండాలని దీవిస్తూ. మొదటిసారి చూసినప్పుడు నాకు మన భోగిపళ్ళే గుర్తొచ్చాయి. మొన్న 13న మా బాబుకు ఎండు తేచుతోనే భోగిపళ్ళు పోశాను.

మెట్ల_దారి | 19 జనవరి 2025

అమ్మాయీ, నేను గ్యోంగ్‌జూలో నాలుగేళ్ళు పనిచేసి ఇప్పుడు గుంటూరు వచ్చేశాను. చూడ్డానికి ఏమున్నాయన్నావు కదా. నీకు దొరికిన ఊరు మామూలు చోట లేదు. బస్సులో గంట దూరంలో సిల్లా అనే పాత కొరియా రాజ్యానికి దాదాపు వెయ్యేళ్ళు రాజధానిగా ఉన్న పట్టణం ఉంది.

డేగూ నుంచి గ్యోంగ్‌జూకి బస్సులోనే వెళ్ళండి. రైల్వే స్టేషన్ ఊరికి దూరం, బస్టాండు మాత్రం ఊరి నడిబొడ్డున. అక్కడి నుంచి నడిచి వెళ్తే సిల్లా రాజుల సమాధులు, పచ్చని గడ్డి దిబ్బలు, ఇళ్ళ మధ్యలోనే కొండల్లా లేచి ఉంటాయి. ఒక దాని లోపలికి వెళ్ళి చూడొచ్చు. కొంచెం ముందుకు చొమ్‌సొంగ్‌దే, ఏడో శతాబ్దంలో సొందొక్ రాణి కాలంలో కట్టిన నక్షత్రశాల. పాపను మ్యూజియానికి తప్పకుండా తీసుకెళ్ళు. అక్కడ 771లో పోతపోసిన గంట ఉంది, దాదాపు 19 టన్నులు. బుల్‌గుక్సా అనే బౌద్ధ గుడి, దాని పైన కొండమీద సొక్కురామ్ గుహలోని బుద్ధుడు, ఈ రెండూ ఎనిమిదో శతాబ్దం మధ్యలో మొదలుపెట్టినవి. రెంటికీ కలిపి ఒక రోజు ఉంచుకో, తొందరపడితే ఏదీ దక్కదు. బుల్‌గుక్సా వాకిట్లో ఉన్న తబోతప్ గోపురం పది వొన్ నాణెం మీద ఉంటుంది. పాప చేతిలో నాణెం పెట్టి వెతకమను.

ఇంకొకటి, నీది పల్నాడన్నావు కాబట్టి చెప్తున్నాను. ఆ సిల్లా దేశం నుంచే హ్యెచో అనే కుర్ర భిక్షువు ఎనిమిదో శతాబ్దంలో మన దేశం వచ్చాడు. తాను చూసిన ఐదు భారతాల గురించి, అంటే మన దేశపు ఐదు భాగాల గురించి రాశాడు. ఆ రాత చైనాలోని దున్‌హువాంగ్ గుహలో శతాబ్దాలు పడి ఉండి 1908లో బయటపడింది. అందులో దక్షిణాది గురించి చెబుతూ, నాగార్జునుడు యక్షుల చేత కట్టించాడని చెప్పుకునే పెద్ద విహారాన్ని ప్రస్తావించాడు. అది ఎక్కడిదో పండితులు తేల్చుకోవాలి. నేను మాత్రం నాగార్జునకొండ పడవ ఎక్కినప్పుడల్లా ఆ కుర్రవాడినే తలుచుకుంటాను. పదమూడు వందల ఏళ్ళ కిందట అతను ఏ ఫోనూ లేకుండా అటు నుంచి ఇటు వచ్చాడు. నువ్వు ఇటు నుంచి అటు వెళ్ళలేవా తల్లీ?

గిమ్హే_గూటిలో | 19 జనవరి 2025

బాబాయిగారూ, మా గిమ్హే ఊరి రాణిని వదిలేశారు! అయుత దేశపు రాజకుమారి పడవలో వచ్చి ఇక్కడి సూరో రాజును పెళ్ళాడిందని, అది క్రీ.శ. 48 అని కథ. రాణి హో హ్వాంగ్‌ఓక్ సమాధి, రాజు సమాధి రెండూ ఇక్కడే ఉన్నాయి. ఆమె పడవలో తెచ్చిందని చెప్పే పాసా రాళ్ళ గోపురం కూడా ఉంది. అయుత అంటే అయోధ్యేనా అన్నది చరిత్రకారులు ఒప్పుకోరు గానీ, నేను ఇండియా అని చెప్పగానే ఇక్కడి పెద్దవాళ్ళు 'ఓ, మా రాణిగారి ఊరు' అంటారు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినప్పుడు నాకు మొదటి చుట్టరికం ఆ రాణితోనే కలిసింది.

మెట్ల_దారి | 19 జనవరి 2025

మంచి మాట గుర్తుచేశావు. ఆ కథ మనకు దక్కింది 'సంగుక్ యూసా' అనే పుస్తకం వల్ల. పదమూడో శతాబ్దంలో దాన్ని కూర్చిన భిక్షువు ఇల్‌యొన్ పుట్టింది ఎక్కడో తెలుసా? ఈ అమ్మాయి వెళ్తున్న గ్యోంగ్‌సాన్‌లోనే. బౌద్ధ గురువు వొన్‌హ్యో, ఆయన కొడుకు పండితుడు సొల్‌చొంగ్, ఇల్‌యొన్, ఈ ముగ్గురినీ ఆ ఊరి ముగ్గురు జ్ఞానులంటారు. వాళ్ళ పేర మ్యూజియం కూడా ఉంది, చుట్టూ పిల్లలు ఆడుకునే పార్కుతో.

పల్నాటి_పిల్ల | 22 జనవరి 2025

టికెట్ కొనేశాను. ఫిబ్రవరి 26.

పల్నాటి_పిల్ల | 26 మార్చి 2025

అక్కా, అన్నా, ఎవరైనా ఉన్నారా? నిన్నటి నుంచి ఫోన్ పెద్దగా మోగుతూనే ఉంది, అన్నీ కొరియన్ మెసేజ్‌లే. టీవీలో మంటలు. ఆయన ల్యాబ్‌లో ఉన్నారు. పాప ఏడుస్తోంది.

ఓరుగల్లు_బిడ్డ | 26 మార్చి 2025

చెల్లె, భయపడకు. ఆ కార్చిచ్చు ఉయిసొంగ్‌లో మొదలై ఆన్‌డోంగ్, చొంగ్‌సోంగ్ మీదుగా తూర్పు తీరం దాకా పోయింది. అది మనకు ఉత్తరాన. గ్యోంగ్‌సాన్‌లో ఖాళీ చేయమని చెప్పలేదు. 'ఎమర్జెన్సీ రెడీ' అనే యాప్ వేసుకో, అవే హెచ్చరికలు ఇంగ్లీషులో వస్తయి. కిటికీలు మూసి, పాస్‌పోర్టులు, కార్డులు ఒక సంచిలో పెట్టుకో. నా నంబరు విడిగా పంపిన, ఎప్పుడైనా ఫోన్ చెయ్యి.

గోదారి_గట్టు | 26 మార్చి 2025

నేను నీ ఇంటికి వస్తున్నాను, ఇరవై నిమిషాల్లో ఉంటాను. తలుపు తీసే ముందు నా గొంతు విను.

మెట్ల_దారి | 27 మార్చి 2025

గోఉన్‌సా కాలిపోయిందట. 681లో కట్టిన గుడి. అక్కడ ఒక రాత్రి పడుకున్నాను, తెల్లవారుజామున గంట విన్నాను. ఇవాళ ఏమీ రాయలేను.

పల్నాటి_పిల్ల | 11 మే 2025

అందరికీ బాకీ పడ్డాను, ఇవాళ తీరుస్తాను. పాప ఒరినిజిప్‌లో కుదురుకుంది. నేను కుటుంబ కేంద్రంలో కొరియన్ నేర్చుకుంటున్నాను. ఆ మంటల రోజు అక్క వచ్చి రాత్రి దాకా మా ఇంట్లోనే కూర్చుంది. ఆ రోజు తర్వాత నాకు ఊరంటే భయం పోయింది.

నిన్న గత్‌బావి ఎక్కాం. పాల్‌గోంగ్‌సాన్ కొండ మీద, సుమారు 850 మీటర్ల ఎత్తున, తల మీద పలకరాయిని టోపీలా పెట్టుకున్న బుద్ధుడు. నిజాయతీగా ఒకే కోరిక అడిగితే తీరుస్తాడని నమ్మకం. డేగూ వైపు నుంచి వెయ్యికి పైగా మెట్లు. మా వైపు నుంచి దారి తక్కువ, పిల్లతో అదే మేలు. అయినా పాపను సగం దూరం ఎత్తుకోవాల్సి వచ్చింది. పైన ఒక అమ్మ చాప పరుచుకుని లేస్తూ, మోకరిల్లుతూ దండాలు పెడుతూనే ఉంది. పక్కన కొడుకు ఫోటో. నవంబరులో పెద్ద పరీక్ష ఉంటుందట, దానికి ఇప్పటి నుంచే. నాకు మా అమ్మ ఎంసెట్‌ ముందు కోటప్పకొండ ఎక్కింది గుర్తొచ్చింది. గుడిలో అందరికీ ఉచితంగా అన్నం, ఎండు ముల్లంగి ఆకుల పులుసు పెట్టారు. తిన్న గిన్నె మనమే కడగాలి. పాప కూడా తన గిన్నె తనే కడిగింది.

గిమ్హే_గూటిలో | 11 మే 2025

ఏం కోరుకున్నావు చెల్లెమ్మా?

పల్నాటి_పిల్ల | 11 మే 2025

ఒకటే అడగాలన్నారు కదా అన్నా, అడిగేశాను. చెప్పను.

సియోల్_తెలుగు | 25 అక్టోబరు 2025

అందరికీ ఒక ప్రశ్న. నా భార్య వచ్చే నెల మళ్ళీ వస్తోంది, ఈ చర్చంతా తనకు పంపాను. రెండు రోజులు మీ వైపు రావాలని తనే అడిగింది. గ్యోంగ్‌జూ, హేఇన్‌సా గుడి రెండూ కుదురుతాయా?

ఓరుగల్లు_బిడ్డ | 25 అక్టోబరు 2025

కుదురుతయ్ అన్నా. గ్యోంగ్‌జూలో ఈ నెలాఖరు, వచ్చే నెల ఒకటి ఏపెక్ (ఆసియా, పసిఫిక్ దేశాల నేతల) సమావేశాలు, అప్పుడు వద్దు. ఆ తర్వాత ఆకులు ఎర్రగా ఉండగానే రండి. హేఇన్‌సాకు డేగూ పశ్చిమ బస్టాండు నుంచి బస్సు, గంటన్నర. పదమూడో శతాబ్దంలో చెక్కిన 80 వేలకు పైగా చెక్క పలకలు, మొత్తం త్రిపిటకం, అంటే బౌద్ధ గ్రంథాలు. మామూలుగా కిటికీల సందుల్లోంచే చూడాలి. గోడకు ఒకవైపు పైకిటికీ పెద్దది, ఇంకోవైపు కిందిది పెద్దది, గాలి ఆడి చెక్క చెడకుండా. ఏసీ లేదు, ఏమీ లేదు. ఇంజనీరుగా చెప్తున్న, నేను అక్కడ రెండు గంటలు నిలబడిన.

గోదారి_గట్టు | 25 అక్టోబరు 2025

రాత్రికి హోటల్ వద్దు అన్నయ్యా, మా ఇంట్లో దిగండి. వదినను నేను సంతకు తీసుకెళ్తాను.

పల్నాటి_పిల్ల | 14 జనవరి 2026

ఇవాళ పాపకు భోగిపళ్ళు పోశాం. నాలుగు కిలోల ఎండు తేచు, చామంతి రేకలు, పది వొన్ నాణేలు. కింది ఇంటి హల్మొనీని పిలిచాను. ఎలా పోయాలో చెప్పబోతే చెయ్యి అడ్డుపెట్టి, దోసిట్లోకి తీసుకుని మూడుసార్లు దిష్టి తీసినట్టే తిప్పి పోసింది. ఎవరు నేర్పారో నాకు తెలియదు, అక్కే అయి ఉంటుంది. పోసిన పళ్ళు ఏరుతూ ఆవిడ ఒకటే అడిగింది, ఇవి తినొచ్చా అని. భోగిపళ్ళు తినకూడదని కొరియన్‌లో ఎలా చెప్పాలక్కా?

గోదారి_గట్టు | 14 జనవరి 2026

'మొగుమ్యొన్ అన్ ద్వేయో' అను. కానీ చెప్పకు, తిననీ. వేరే పొట్లంలో ఇంకో కిలో కట్టివ్వు, ఆవిడ టీ కాచుకుంటుంది.